మూడు రోజుల సెలవు



న్యూజీలాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకి పొద్దున్న ఆరున్నరకి ఫోను మోగిందంటే గుండె ఝల్లుమంటుంది. మనకి ఆరున్నరంటే అక్కడ గుంటూర్లోనో వరంగల్లోనో సరిగ్గా అర్ధరాత్రి. ఇక్కడి వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతాం కాబట్టి అప్పుడు ఏడున్నర. ఆ వేళప్పుడు ఇంటినుంచి క్షేమసమాచారాలు అడగడానికి ఎవరూ ఫోన్ చెయ్యరు. పెళ్ళి కుదిరిన కబురైనా, స్థలం కొన్న కబురైనా తెల్లారేదాకా ఆగుతుంది. ఆగనిది ఒక్కటే. అవతల తమ్ముడో, పెదనాన్నగారి అబ్బాయో, "ఎక్కడున్నావ్? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. మిగతాది చెప్పనక్కర్లేదు.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఆ ఫోను తర్వాతి రోజుల గురించి. అయినవాళ్ళు పోయాక మనిషి ఎలా తేరుకుంటాడు? అందులో మన చేతిలో ఉన్నదెంత, పక్కవాళ్ళ చేతిలో ఉన్నదెంత? మనం వచ్చి స్థిరపడ్డ ఈ చిన్న దేశం 2010 నుంచి ఇటు ఈ పాఠం చాలాసార్లు, చాలా కష్టపడి నేర్చుకుంది. కాబట్టి ఇక్కడి కబుర్లే ఎక్కువ చెబుతాను.

ముందు చట్టం సంగతి. 2003 నాటి హాలిడేస్ యాక్ట్ ప్రకారం, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు దాటినవాళ్ళకి తల్లో, తండ్రో, భర్తో, భార్యో, బిడ్డో, తోబుట్టువో పోతే జీతంతో కూడిన సెలవు మూడు రోజులు. తాతా అమ్మమ్మలకీ, అత్తమామలకీ కూడా అంతే. చాలా దేశాల్లో చట్టం ఈపాటి కూడా ఇవ్వదు, అందుకని తీసిపారెయ్యను. పైగా 2021లో గర్భం పోయిన ఆడవాళ్ళకీ, వాళ్ళ భాగస్వామికీ కూడా ఈ మూడు రోజులూ వర్తించేలా చట్టం మార్చారు. మన ఇళ్ళల్లో అయితే అలాంటి నష్టాన్ని చావు లెక్కలో వేసే అలవాటే లేదు. నాలుగు రోజులు పడుకుని లేచాక ఆ అమ్మాయి మళ్ళీ వంటింట్లో ఉంటుంది, ఎవరూ ఆ ఊసెత్తరు, ఎత్తకపోవడమే దయ అనుకుంటారు. ఈ విషయంలో ఇక్కడి పార్లమెంటు మనకన్నా ముందుంది.

అయినా మూడు రోజులు మూడు రోజులే. ఆక్లాండ్‌లో విమానం ఎక్కి, సింగపూర్లోనో దుబాయ్‌లోనో మారి, హైదరాబాదులో దిగి, అక్కణ్ణించి కారులో ఊరు చేరేసరికి సెలవులో సగం ఆకాశంలోనే అయిపోతుంది. మిగిలిన దానికి యాన్యువల్ లీవ్ పెట్టుకుంటాం, అదీ అయిపోతే జీతం లేని సెలవు. పదకొండో రోజు, పన్నెండో రోజు చూసుకుని వచ్చేద్దామని వెళ్తాం. కొందరు ఆ పన్నెండో రోజు సాయంత్రమే శంషాబాద్ దారి పడతారు. సోమవారం పొద్దున్న ఆఫీసు లిఫ్టులో "హౌ ఆర్ యూ" అంటే "గుడ్" అంటాం. అడిగినవాడిదీ తప్పు కాదు, చెప్పినవాడిదీ కాదు.

మన దగ్గర చావింట్లో జరిగేది ఒకసారి గుర్తు చేసుకోండి. పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు ఫ్లాస్కులో కాఫీ తెస్తారు, ఎదురింటివాళ్ళు క్యారేజీలో అన్నం, చారు. వీధిలో షామియానా, అద్దె కుర్చీలు. పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడుగుతారు: "ఎలా జరిగిందమ్మా?" కూతురు మొదట్నించీ చెబుతుంది. రాత్రి బాగానే అన్నం తిన్నారు, వార్తలు చూశారు, తెల్లవారుజామున ఆయాసం అన్నారు, ఆటో వచ్చేలోపే... అని. గంట తిరక్కుండా ఇంకో ఆవిడ వస్తుంది, మళ్ళీ మొదట్నించీ. పైకి చూస్తే ఇది పుండుని కెలకడమే అనిపిస్తుంది. కానీ దగ్గరుండి వినండి. మొదటి రోజు ఆ కూతురు "ముందురోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది, నాదే బుద్ధితక్కువ" దగ్గర ఆగిపోతుంది. నాలుగో రోజుకి ఆ మాట ఉంటుంది గానీ వెనక్కి పోతుంది. ఏడో రోజుకి "చివరికి నా చేతి మంచినీళ్ళు తాగారు" అన్నచోట కథ ముగుస్తుంది. ఎవరూ ఆమెకి బోధ చెయ్యలేదు. వచ్చినవాళ్ళు కూర్చుని, విని, కళ్ళు తుడుచుకుని, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయారు. అంతమందికి అన్నిసార్లు చెప్పడంలోనే ఆ పని జరిగిపోయింది.

మన ఆచారాలన్నీ గొప్పవని అనడం లేదు. భర్త పోయిన మనిషిని పదో రోజున కూర్చోబెట్టి గాజులు, బొట్టు తీయించడం చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. నా ఉద్దేశం, ఆ పదకొండు పన్నెండు రోజుల్లో ఒక ఊరు చేసిపెట్టే పని ఒకటుంది. వలస వచ్చినవాడికి ఆ ఊరు ఉండదు, ఆ పని మాత్రం మిగిలే ఉంటుంది.

అది మరీ కళ్ళకి కట్టింది కోవిడ్ కాలంలో. 2020 మార్చి 19 రాత్రితో న్యూజీలాండ్ సరిహద్దులు మూసేసింది. పౌరులూ, శాశ్వత నివాసులూ తిరిగి రావచ్చు, వచ్చాక హోటల్లో రెండు వారాల క్వారంటైన్. వర్క్ వీసా మీదున్నవాళ్ళు వెళ్ళారంటే మళ్ళీ రాగలమన్న నమ్మకం లేదు. 2021 ఏప్రిల్లో, ఇండియాలో రెండో వేవ్ పెరుగుతున్న రోజుల్లో, 11 నుంచి 28 దాకా అక్కణ్ణించి వచ్చే ప్రయాణికుల్ని పౌరులతో సహా ఆపేశారు. తండ్రి అంత్యక్రియల్ని వాట్సాప్ వీడియోలో చూసినవాళ్ళు ఈ కార్యక్రమం వింటున్నవాళ్ళలోనే ఉంటారు. ఎవరో కుర్రాడు ఫోను పట్టుకుని ఉంటాడు. వాడి చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా కెమెరా ఆకాశం వైపు తిరుగుతుంది. సరిగ్గా చూడాల్సిన క్షణానికి బొమ్మ ఆగిపోతుంది. "అన్నయ్యా, కనబడుతోందా?" అని వాడు అడుగుతుంటే "ఆ, కనబడుతోంది" అని అబద్ధం చెప్పినవాళ్ళు కూడా ఉంటారు.

ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే ఒకావిడ గురించి చెప్పాలి. పేరు లూసీ హోన్. మనుషులు కష్టాల్ని ఎలా తట్టుకుంటారన్నదే ఆవిడ చదువు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్ నడిపే పాజిటివ్ సైకాలజీ శాఖలో చదివి, క్రైస్ట్‌చర్చ్ తిరిగొచ్చి పీహెచ్‌డీ మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఆ ఊరికి భూకంపాలొచ్చాయి. చదువు పక్కనపెట్టి ఊళ్ళోవాళ్ళకి తను నేర్చుకున్నది చెప్పడంలో పడ్డారు. కష్టాన్ని తట్టుకోవడం ఎలాగో తనకి తెలుసనే అనుకున్నారు.

2014 మే నెలాఖరు. క్వీన్స్ బర్త్‌డే అని అప్పట్లో ఇక్కడ మూడు రోజుల సెలవు వచ్చే వారాంతం. స్నేహితుల కుటుంబాలు కలిసి సౌత్ ఐలండ్‌లో ఓహావు సరస్సుకి బయల్దేరాయి. హోన్‌గారి పన్నెండేళ్ళ కూతురు అబి తన స్నేహితురాలితో వాళ్ళ కారులో ఎక్కింది. దారిలో ఒక పల్లెటూరి కూడలి దగ్గర స్టాప్ గుర్తు దాటి వచ్చిన కారు వాళ్ళ కారుని ఢీకొట్టింది. అబి, ఆ స్నేహితురాలు, ఆ పిల్ల తల్లి, ముగ్గురూ పోయారు. ఆ తల్లి హోన్‌గారికి ప్రాణస్నేహితురాలు.

తర్వాత సలహాలిచ్చేవాళ్ళు వచ్చారు. ఇక ఐదేళ్ళు జీవితం ఉండదనుకోండి, ఇలాంటిది జరిగిన దంపతులు విడిపోవడం మామూలే, మానసిక జబ్బులకి అవకాశం ఎక్కువ, అని చెప్పి కరపత్రాలు చేతిలో పెట్టారట. దుఃఖానికి ఐదు దశలుంటాయన్న పుస్తకాలు కూడా. ఆవిడ వాటిని చదివి కోపం తెచ్చుకున్నారు. నాకు జరిగిందేమిటో నాకు తెలుసు, ఇక జరగబోయేది కూడా చెడేనని మీరు చెప్పడం వల్ల నాకు ఒరిగేదేమిటి? ఇంట్లో ఇంకా ఇద్దరు మగపిల్లలున్నారు, వాళ్ళకోసం నేను నిలబడాలి, దానికి పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పండి. ఇదీ ఆవిడ వాదన. ఎవరూ చెప్పలేదు కాబట్టి, తను ఇతరులకి బోధించిన చదువు తనకి పనికొస్తుందో లేదో తన మీదే చూసుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవమే 2016లో ‘వాట్ అబి టాట్ అస్’ అన్న పుస్తకమైంది. 2019లో క్రైస్ట్‌చర్చ్ టెడెక్స్ వేదిక మీద అదే విషయం మాట్లాడారు. ఆ ప్రసంగాన్ని ప్రపంచమంతా విన్నారు.

ఆ ఐదు దశల సంగతి ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే మన టీవీ చర్చల్లోనూ, వాట్సాప్ ఫార్వర్డుల్లోనూ అది శాస్త్రంలాగా చలామణి అవుతోంది. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో రాసిన పుస్తకం చావుకి దగ్గరపడ్డ రోగుల గురించి. నిరాకరణ, కోపం, బేరం, దిగులు, అంగీకారం - ఇవి పోతున్నవాళ్ళ మనసులో ఆవిడ చూసినవి. ఉన్నవాళ్ళు వరసగా ఎక్కాల్సిన మెట్లుగా తర్వాత లోకం మార్చేసింది. నాకింకా కోపం రాలేదేమిటి, నాలో ఏదైనా లోపముందా అని బెంగపడేవాళ్ళు తయారయ్యారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జ్ బొనానో అన్న ఆచార్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి తేల్చిందేమిటంటే, ఎక్కువమంది కుంగిపోరు. ఏడుస్తారు, మధ్యలో నవ్వుతారు, పని చేసుకుంటారు, డాక్టర్ల సాయమేమీ లేకుండానే నిలదొక్కుకుంటారు. అంటే తేరుకోవడం మహానుభావులకే పట్టుబడే విద్య కాదు. నెల తిరక్కుండా పెళ్ళికి వెళ్ళి నవ్విందని మేనత్తలు ముక్కున వేలేసుకునే ఆ కోడలు రాతి మనిషి కానక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో స్ట్రోబె, షుట్ అన్న ఇద్దరు 1999లో ఇదే విషయాన్ని ఇంకోలా చెప్పారు. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు తిరిగి ఏడుస్తాడు, కాసేపు బతుకు వైపు తిరిగి కరెంటు బిల్లు కడతాడు, అలా అటూ ఇటూ తిరుగుతూ ఉండటమే ఆరోగ్యమని.

హోన్‌గారు చెప్పే వాటిలో నాకు బాగా పట్టింది ఒక ప్రశ్న. నేనిప్పుడు చేస్తున్న ఈ పని నాకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా? అంతే. రాత్రి పొద్దుపోయాక పాత ఫోటోలు ముందేసుకుని కూర్చుని, ఏడుస్తూ, ఇంకా ఏడుస్తూ ఉన్నప్పుడు తనని తాను అలా అడిగి, ఫోటోలు లోపల పెట్టి వెళ్ళి పడుకునేవారట. ఆ డ్రైవరు మీద కేసు విచారణకి వెళ్ళాలా వద్దా అన్నప్పుడూ ఇదే ప్రశ్న. ఆవిడ వెళ్ళలేదు. భర్త ట్రెవర్ మాత్రం తర్వాత ఆ డ్రైవర్ని కలిశాడు. ఒకే ఇంట్లో, ఒకే నష్టానికి, ఇద్దరికీ జవాబు ఒకటి కాలేదు. ఆ ప్రశ్నలో నాకు నచ్చింది అదే. ‘ఇలా ఉండాలి’ అని ఎవరూ పైనుంచి చెప్పడం లేదు. ఎవరికి వాళ్ళు, ఏ పూటకి ఆ పూట అడుక్కోవాల్సిందే.

మనింట్లో పెట్టి చూడండి. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఫోన్లో ఉంటాయి. "నాన్నా, అన్నం తిన్నావా, అక్కడ చలిగా ఉందిట, చెవులకి ఏదైనా కట్టుకో." ఆదివారం పొద్దున్న పిల్లలతో కూర్చుని వింటే అది మేలు. నవ్వుతాం, నాన్నమ్మ గొంతు పిల్లలకి గుర్తుంటుంది. అదే మెసేజ్ రాత్రి రెండింటికి, ఇల్లంతా పడుకున్నాక, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింటే ఏమవుతుందో అనుభవమున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మెసేజ్ ఒకటే, వేళ మారింది.

ఇంకోటి. పన్నెండో రోజు భోజనాల విస్తళ్ళు తీయకముందే పొలం సంగతి, ఇంటి సంగతి మొదలవుతుంది మన దగ్గర. ఇక్కడికి తిరిగొచ్చాక కూడా రాత్రిళ్ళు ఫోన్లు. అన్నయ్య అన్నమాట వదిన చెప్పిందని, వదిన అన్నమాట బావగారు చెప్పారని. ఆ ఫోను ఇప్పుడు ఎత్తడం మేలా, కీడా? ఆస్తి వదులుకొమ్మని నేను చెప్పను, లాయరు ఫీజులు నేను కట్టను కదా. ‘మూడు నెలలు ఈ మాట వద్దు, తర్వాత కూర్చుందాం’ అనడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది, అది కూడా క్రైస్ట్‌చర్చే నేర్పింది. 2010 సెప్టెంబరు 4 తెల్లవారుజామున 7.1 తీవ్రతతో పెద్ద భూకంపం. అందరూ నిద్రలో ఉండటం వల్ల వీధుల్లో జనం లేరు, ప్రాణాలు దక్కాయి. హమ్మయ్య అనుకున్నారు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకి వచ్చింది దానికన్నా చిన్నది. కానీ ఊరికి దగ్గర్లో, లోతు తక్కువలో, జనం భోజనాలకి బయటికొచ్చిన వేళ. 185 మంది పోయారు. అందులో 115 మంది సీటీవీ భవనం అన్న ఒక్క చోటే. అందులో ఇంగ్లీషు నేర్చుకోవడానికి పరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు చాలామంది. తర్వాత ప్రకంపనలు వేలల్లో. నేల నీళ్ళలా మారి, బూడిదరంగు బురద ఇళ్ళల్లోకీ పెరళ్ళలోకీ ఉబికొచ్చింది. ఆ బురద ఎత్తిపొయ్యడానికి యూనివర్సిటీ కుర్రాళ్ళు పారలు, చక్రాల బళ్ళు పట్టుకుని వేలల్లో వచ్చారు. శామ్ జాన్సన్ అన్న విద్యార్థి ఫేస్‌బుక్‌లో పిలిస్తే పుట్టిన దండు అది, స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ అని ఇప్పటికీ ఉంది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పెరడు శుభ్రం చేసి, వాళ్ళిచ్చిన టీ తాగి, భూకంపం వచ్చినప్పుడు ఎక్కడున్నారో వాళ్ళ నోటెంట విని వచ్చేవారు. పలకరింపు అంటే అదే కదా మరి!

అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత మొదలైంది అసలు తంటా. ఎర్త్‌క్వేక్ కమిషన్ ఒకవైపు, ఇన్సూరెన్సు కంపెనీలు ఒకవైపు. ఇల్లు మరమ్మతు చేస్తారా, పడగొట్టి కడతారా అన్నది తేలక ఏళ్ళు గడిచిపోయాయి. ఒకరొచ్చి కొలతలు తీసుకెళ్తారు, ఇంకొకరొచ్చి మళ్ళీ కొలుస్తారు. ఇంచుమించు ఎనిమిది వేల ఇళ్ళ స్థలాలు ఉండటానికి పనికిరావని ‘రెడ్ జోన్’ చేసి, వాటిలో చాలావరకు ప్రభుత్వం కొనేసింది. ఆ మనుషులందర్నీ పట్టుకుని ప్రసంగాల్లో, పత్రికల్లో "మీరెంత ధైర్యవంతులు, ఎలా తట్టుకున్నారు" అని పొగడటం మొదలుపెట్టారు. ఊరివాళ్ళకి ఆ మాటంటే ఒళ్ళు మండిపోయే దశ వచ్చింది. తట్టుకుంటున్నారు కదా అని ఇంకా బరువు పెడతారా, అని. వాళ్ళన్నది న్యాయం. కప్పు కారుతున్న ఇంట్లో కూర్చున్నవాడికి ముందు కప్పు వెయ్యాలి, శ్వాస మీద ధ్యాస తర్వాత. మనవాళ్ళలో వీసా రెన్యువల్ తేలక, తల్లి పోయినా కదల్లేక కూర్చున్న కుర్రాడికి "స్ట్రాంగ్‌గా ఉండు తమ్ముడూ" అనేసి పోవడం కూడా ఆ కోవలోదే. వాడికి కావలసింది ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్ దగ్గరికి తోడు వెళ్ళే మనిషి.

అదే ఊళ్ళో 2019 మార్చి 15, శుక్రవారం ప్రార్థనల వేళ, రెండు మసీదుల్లో కాల్పులు. 51 మంది పోయారు. హైదరాబాదు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఫరీద్ అహ్మద్ అన్నాయన చక్రాల కుర్చీలో ఉంటాడు. ఆయన భార్య హుస్నా ఆడవాళ్ళనీ పిల్లల్నీ బయటికి చేర్చి, భర్తకోసం వెనక్కి వచ్చి ప్రాణం పోగొట్టుకుంది. రెండు వారాల తర్వాత హ్యాగ్లీ పార్కులో జరిగిన సంస్మరణ సభలో ఆయన, హంతకుణ్ణి క్షమించానని చెప్పాడు. లోకమంతా ఆ మాట చెప్పుకుంది. 2020 ఆగస్టులో శిక్ష ఖరారు చేసేటప్పుడు బాధితులు, బంధువులు తొంభై మంది దాకా కోర్టులో లేచి మాట్లాడారు. కొందరు క్షమించామన్నారు, కొందరు ఎప్పటికీ క్షమించమన్నారు, కొందరు తిట్టారు. పెరోలు లేని యావజ్జీవం ఈ దేశంలో మొదటిసారి అప్పుడే పడింది. ఫరీద్‌గారి మాట గొప్పదే. క్షమించనన్నవాళ్ళని ఆయనతో పోల్చి తక్కువ చెయ్యడానికి మనకి మాత్రం హక్కు లేదు.

ఊరు చేసిపెట్టే పని అన్నాను కదా, ఇక్కడి మూలవాసులు మావోరీల దగ్గర చావు ఎలా జరుపుతారో ఎప్పుడైనా చూశారా? పిలుపు అందితే మొహమాటపడకుండా వెళ్ళండి. తంగిహంగ అంటారు. పోయిన మనిషిని మరాయెకి, అంటే ఊరుమ్మడి సభాస్థలికి, తెస్తారు. రెండు మూడు రోజులు అక్కడే ఉంచుతారు, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు. వచ్చినవాళ్ళు ఆ మనిషి ఎదురుగా నిలబడి నేరుగా ఆయనతోనే మాట్లాడతారు, పొగుడుతారు, ఒక్కోసారి దెప్పుతారు కూడా. చివరి రాత్రి పాటలు, పాత కబుర్లు, నవ్వులు. ఖననమయ్యాక అందరికీ భోజనం. ఏడాది అటూ ఇటూగా మళ్ళీ చేరి సమాధి రాయి మీది తెర తీస్తారు, హురా కోహతు అంటారు. మన సంవత్సరీకం లేదూ, అదే. మేసన్ డ్యూరీ అన్న మావోరీ వైద్యుడు 1980లలో చెప్పిన ఆరోగ్య సూత్రాన్ని ఇక్కడి స్కూళ్ళలో మన పిల్లలకి కూడా నేర్పుతారు. ఇంటికి నాలుగు గోడలు: ఒళ్ళు, మనసు, ఆత్మ, కుటుంబం. కుటుంబమన్నది మనిషి బయట ఉండే ఏర్పాటు కాదు, ఆ మనిషి ఆరోగ్యంలోనే ఒక గోడ. క్రైస్ట్‌చర్చ్‌లో పారలు పట్టుకున్న కుర్రాళ్ళు, గుంటూరు వీధిలో క్యారేజీ తెచ్చిన ఎదురింటావిడ, అందరూ ఆ గోడ లెక్కలోకే వస్తారు.

మగవాళ్ళకి విడిగా ఒక మాట. జాన్ కిర్వాన్ పేరు రగ్బీ చూసేవాళ్ళకి తెలుసు. 1987 ప్రపంచ కప్పు గెలిచిన ఆల్ బ్లాక్స్ జట్టులో వింగర్. ఆ మనిషి తనకి డిప్రెషన్ ఉందని టీవీలో చెప్పి, దేశంలో మగవాళ్ళందరి నోళ్ళూ తెరిపించాడు. తర్వాత రాసిన పుస్తకం పేరు ‘ఆల్ బ్లాక్స్ డోంట్ క్రై’. మన ఇళ్ళల్లో తండ్రి పోయిన పెద్దకొడుకు పరిస్థితి చూడండి. కర్మ చేయించేది వాడు, డబ్బు సర్దేది వాడు, తల్లిని ఓదార్చేది వాడు. వాణ్ణి ఎవరూ అడగరు. ఇక్కడికొచ్చాక ఆరు నెలలకి గ్యారేజీలో కారు ఆపి లోపలికి రాకుండా అందులోనే కూర్చుంటాడు. భార్య అడిగితే "ట్రాఫిక్" అంటాడు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతికి ఏం లాభమన్న మాట నోట్లోంచి రావడం, ఇవి వారాల తరబడి సాగుతుంటే ఇక ఆ ప్రశ్నలూ ఈ ప్రసంగాలూ చాలవు. జీపీ దగ్గరికి వెళ్ళండి. 1737 నంబరుకి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా, రాత్రైనా పగలైనా, కౌన్సెలర్ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే 111.

ఇక మిగిలింది మనం చెయ్యగలిగిన పని. మన సబర్బులో తెలుగువాళ్ళింట్లో ఎవరో పోయారని తెలుస్తుంది. గ్రూపులో ఆర్.ఐ.పి.లూ, చేతులు జోడించిన బొమ్మలూ వరసగా పడతాయి. ఆ సాయంత్రం నలుగురు వెళ్తారు, మూడో రోజు ఇంకో ఇద్దరు. ఊరెళ్ళి తిరిగొచ్చాక? ఆరో వారంలో ఎవరూ ఉండరు. అప్పుడు వెళ్ళండి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనొద్దు, ఎవరూ చెప్పరు. పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగుంటే మోవర్ మీదే పట్టుకెళ్ళి కొయ్యండి. బుధవారాలు పిల్లల్ని స్కూలు నుంచి నేను తెస్తానని చెప్పి, తీసుకురండి. పప్పు, కూర, పెరుగు డబ్బాల్లో పెట్టి తీసుకెళ్ళండి, డబ్బాలు తిరిగివ్వక్కర్లేదనండి. కూర్చున్నాక వాళ్ళు చెప్పడం మొదలుపెడితే మధ్యలో అందుకుని మీ నాన్నగారి సంగతి ఎత్తకండి. కాఫీ పెట్టడానికి వాళ్ళు లేస్తే లేవనివ్వండి, చెయ్యడానికి ఒక పని ఉండటం కూడా వాళ్ళకి అవసరమే. వచ్చేటప్పుడు మళ్ళీ ఏ వారం వస్తారో చెప్పి రండి. చెప్పిన వారం వెళ్ళండి.